తుఫాను షెల్టర్లో పేల మందు

1996 డిసెంబరు. తుఫాను వెళ్ళిపోయి నెల దాటింది. ముమ్మిడివరం నుంచి సముద్రం వైపు వెళ్తే, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో ఒక తుఫాను షెల్టరు ఉంది. స్తంభాల మీద నిలబెట్టిన గుండ్రటి కాంక్రీటు మేడ. మామూలు రోజుల్లో దాన్ని పేకాటవాళ్ళూ మేకలూ వంతులవారీగా వాడుకునేవారు. ఆ నెల మాత్రం ఇళ్ళు ఆనవాలు లేకుండా పోయిన కొన్ని కుటుంబాలు అందులోనే ఉండిపోయాయి. మేకలు కింద స్తంభాల మధ్యకి మారాయి. పేకాటవాళ్ళు ఎక్కడికి మారారో నాకు తెలియదు.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. నా హోదా మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్. అంటే అన్ని పనులకీ పనికొచ్చే ఆరోగ్య కార్యకర్త అని అర్థం. పేరులో ఎన్ని పర్పసులు ఉన్నా నేను చేసింది ఒకటే, మనిషి రక్తం తాగి బతికేవాటిని చంపడం. దోమలు, నల్లులు, పేలు. జనం మాత్రం నన్ను ‘మలేరియా బాబు’ అనేవారు, మలేరియాని నేనే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నట్టు.

ఆ షెల్టర్లో పేలు పడ్డాయని కబురొచ్చింది. పెడిక్యులోసిస్ అని దీనికో పెద్ద పేరుంది, పేల బాధని ఆసుపత్రి భాషలో అలా అంటారు. పేను నీళ్ళలో మునిగితే ఊపిరి బిగబట్టి వెంట్రుకని పట్టుకుని ఉండిపోతుంది. కొన్ని గంటలు మునిగినా మళ్ళీ లేచి తిరుగుతుంది. ఆ నవంబరులో సముద్రం ఊళ్ళమీదకి వచ్చి ఇళ్ళు తీసుకెళ్ళింది, గొడ్లని తీసుకెళ్ళింది, మనుషుల్ని తీసుకెళ్ళింది. పేలని మాత్రం ఏమీ చేయలేకపోయింది.

నాతో పాటు గ్రేసమ్మ గారు వచ్చేవారు. ఆవిడ ఎ.ఎన్.ఎం., అంటే ఊరూరూ తిరిగి గర్భిణుల్నీ పిల్లల్నీ చూసే నర్సు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఆడవాళ్ళ తల నేను ముట్టుకోకూడదు కాబట్టి మందు రాయడం ఆవిడ వంతు, బకెట్టు మొయ్యడమూ ఉపన్యాసమూ నా వంతు. ఉపన్యాసం ఎవరూ వినేవారు కాదు. బకెట్టుకే గౌరవం ఎక్కువ.

పేల మందుకి ఒక నియమం ఉంది. ఒకచోట ఉంటున్నవాళ్ళందరూ ఒకే రోజు పెట్టుకోవాలి. ఒక్క తల మిగిలినా వారం తిరిగేసరికి అన్ని తలల్లోకీ వచ్చేస్తాయి. అందుకని ఆ రోజు షెల్టరు మెట్ల మీద ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టాం. మందు పెట్టేముందు ఒకరి తల వెనక ఒకరు చేరి పేలు తీయడం మొదలుపెట్టారు. నెల తర్వాత మొదటిసారి వాళ్ళు నవ్వుకుంటూ కనిపించారు.

వరసలోకి రానిది ఒక్కతే. పేరు మంగతాయారు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఏటిగట్టు పక్కన కాస్త వరి పొలం, కొబ్బరి చెట్లు ఉన్న కుటుంబం. ఇప్పుడు పొలమంతా ఉప్పు తేలింది, చెట్లు మొదలంటా పడిపోయాయి. మొగుడు సూరిబాబు ఉన్నాడు.

“నాకొద్దండి,” అంది.

“దురద లేదా అమ్మా?” అన్నారు గ్రేసమ్మ గారు.

“ఉందండి.”

“మరి?”

“ఉండనివ్వండి.”

నేను ఊరుకోలేదు. “పునరావాసం మనుషులకే ఇమ్మన్నారండి, పేలకి ఇమ్మనలేదు. మీరెందుకు ఇస్తున్నారు?” అన్నాను. మెట్ల మీద అందరూ నవ్వారు. మంగతాయారు నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మంగతాయారుకి ఆడపడుచు వరసయ్యే సుబ్బలక్ష్మి అనే ఆవిడ తడి తలతో నా దగ్గరకొచ్చింది. “ఏవండీ బాబూ, మేమంతా ఇంత కంపు మందు రాసుకున్నామా, ఈవిడ తల ఇలాగే ఉంటే మళ్ళీ మొదటికేనండి. మా పక్కన పడుకోనివ్వమండి. తర్వాత మమ్మల్ని అనుకోవద్దు.”

“ఆయ్, నిజమేనండి,” అన్నాను. నియమం నేను చెప్పిందే కదా.

మంగతాయారే తన చాప తీసుకుని కిందకి, స్తంభాల మధ్యకి వెళ్ళిపోయింది. ధనుర్మాసం మంచులో, మేకల పక్కన.

మేం మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడకి జ్వరం. చెవుల వెనక పుళ్ళు పడి రసి కారుతోంది, మెడ మీద బిళ్ళలు కట్టాయి, జుట్టు అట్టలు కట్టేసింది. దీన్ని సెకండరీ ఇన్‌ఫెక్షన్ అంటాం. గోకినచోట చర్మం చిట్లి, అందులోంచి చీము పట్టించే సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళడం. పేలతో ఎవరూ చావరని నేను అప్పటిదాకా ధైర్యంగా చెప్పేవాడిని. గ్రేసమ్మ గారు నన్ను పక్కకి పిలిచి, “ఈ చీము నెత్తురులోకి ఎక్కిందంటే మన చేతుల్లో ఉండదు బాబూ,” అన్నారు. ఆవిడ గొంతు అలా తగ్గడం నేను ముందెప్పుడూ వినలేదు.

ఈలోగా షెల్టరు బాధ్యత చూస్తున్న వి.ఏ.ఓ. గారు, అంటే గ్రామ పరిపాలనాధికారి, తన పరిష్కారంతో దిగారు.

“మంగలికి కబురు పెట్టేశానండి. నలుగురు ఆడాళ్ళు గట్టిగా పట్టుకుంటే పావుగంట పని. గుండు చేయించేస్తే పేలూ ఉండవు, గొడవా ఉండదు. రేపు పై ఆఫీసరు గారు చూడ్డానికి వస్తున్నారు.”

“మొగుడు బతికుండగా ఆడమనిషికి బలవంతంగా గుండు చేయిస్తారా అండీ?” అన్నారు గ్రేసమ్మ గారు.

“తిరపతిలో చేయించుకోట్లేదా ఏంటండి ఆడాళ్ళు?”

“అది వాళ్ళ మొక్కండి. ఇది మీ మొక్కు.”

“సరే, రేపు పొద్దున్న దాకా మీ ఇష్టం. మంగలి మాత్రం వస్తాడు,” అని వి.ఏ.ఓ. గారు వెళ్ళిపోయారు.

సూరిబాబుని అడిగితే, “నా మాట వినట్లేదండి,” అన్నాడు. నెల రోజులుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నట్టే కనిపించలేదు నాకు.

ఇక నాకు తెలిసిన పద్ధతి ఒకటే మిగిలింది. శిక్షణలో కాంటాక్ట్ ట్రేసింగ్ అని నేర్పుతారు. పేలు తలా తలా ఆనితేనే పాకుతాయి కాబట్టి, రోగి ఎవరి పక్కన పడుకుంటారో కనుక్కుని వాళ్ళకీ మందు పెట్టాలి. బకెట్టు బోర్లించి మంగతాయారు ఎదురుగా కూర్చున్నాను.

“మీకివి ఎవరి దగ్గర అంటుకున్నాయండి? మీ పక్కన ఎవరు పడుకుంటారు?”

“మా దుర్గండి,” అంది.

నేను చుట్టూ చూశాను. “ఏదండీ, పిలవండి ఒకసారి. ఇద్దరికీ కలిపే చూద్దాం.”

సూరిబాబు మొహం స్తంభం వైపు తిప్పుకున్నాడు. గ్రేసమ్మ గారి చెయ్యి నా భుజం మీద పడింది. మేకలు తప్ప ఎవరూ కదల్లేదు. అప్పటికి నాకు అర్థమైంది.

తర్వాత సూరిబాబే చెప్పాడు, స్తంభంతో చెబుతున్నట్టు. నీళ్ళొచ్చినప్పుడు గోడ మంగతాయారు మీద పడింది. ఆవిణ్ణి బయటికి లాగేలోగా పిల్ల అతని చేతిలోంచి జారిపోయింది. మూడో తరగతి. నీళ్ళు తగ్గాక దొరికింది. అప్పటికి మంగతాయారు పక్కటెముకలు విరిగి అమలాపురం ఆసుపత్రిలో ఉంది. మగవాళ్ళే దుర్గని మిగతావాళ్ళతో పాటు ఇసుక దిబ్బ దగ్గర పూడ్చారు. తల్లి చూడలేదు. తిరిగొచ్చాక కూడా ఆ దిబ్బ వైపు వెళ్ళలేదు.

అప్పుడు మంగతాయారు మాట్లాడింది.

“ఫోటో లేదండి. తీయించలేదు. గౌను లేదు, పలక లేదు. ఇల్లంతా వెతికినా దానిది జడరిబ్బను ముక్క కూడా దొరకలేదండి. ఇవొక్కటే మిగిలేయి. బడి నుంచి తెచ్చేదండి. రోజూ తిట్టేదాన్ని, నాక్కూడా అంటిస్తున్నావే అని. తిట్టి, మళ్ళీ పక్కలోకి లాక్కునేదాన్ని.” చెవి వెనక గోకబోయి చెయ్యి దించుకుంది. “దాని నెత్తురు తాగినయ్యండి ఇవి. మందోసి చంపుతామంటే ఎలా ఇమ్మంటారు?”

నా దగ్గర ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉంటుందని మా ఆఫీసులో పేరు. ఆ పూట లేదు.

గ్రేసమ్మ గారు చాప అంచున కూర్చున్నారు. మంగతాయారే అడిగింది.

“పేను ఎన్నాళ్ళు బతుకుద్ది బాబూ?”

నాకు తెలుసు. గ్రేసమ్మ గారికీ తెలుసు. ఏడాది అని చెప్పి ఉంటే ఆవిడకి కాస్త నిమ్మళంగా ఉండేది. ఆ నిమ్మళంతోనే చీము నెత్తురులోకి ఎక్కేది.

“నెలండి. అంతకు మించి బతకదు.”

“నెల దాటిపోయింది కదండి.”

“ఆయ్.”

“మరివి?”

“వాటి పిల్లలండి. ఇక్కడికొచ్చాక పుట్టినవి.”

ఆవిడ లెక్కేసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. “అయితే ఇవి తాగింది...”

“మీ రక్తమేనండి. అంతా మీదే.”

పక్కన మేకలు ఆకులు నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. మంగతాయారు ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో మాకు తెలిసేది. “నాదేనా,” అంది. మళ్ళీ ఒకసారి, “నాదే,” అంది. తర్వాత చాప మీద అటు తిరిగి కూర్చుని, గ్రేసమ్మ గారి ఒడివైపు తల వాల్చింది.

“గోటితో నొక్కకండమ్మా,” అంది.

పుళ్ళున్న తలకి పేల మందు పెట్టకూడదు, విషం లోపలికి దిగుతుంది. గ్రేసమ్మ గారు అట్టలు కట్టినచోట వరకే కత్తిరించి, కొబ్బరినూనె పట్టించి, తెల్లగుడ్డ పరిచి పేలదువ్వెనతో దువ్వడం మొదలుపెట్టారు. మన వైపు ఆడవాళ్ళు పేను దొరగ్గానే రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య నొక్కి, నాలిక పళ్ళకి ఆనించి ‘స్స్’ మంటారు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళన్నీ తిరిగిన గ్రేసమ్మ గారికీ ఆ అలవాటుంది. ఆ రోజు ఆవిడ నోట ఆ చప్పుడు రాలేదు. సుబ్బలక్ష్మి మెట్లు దిగి వచ్చి కాసేపు నిలబడి చూసింది. ఏమీ అడక్కుండా రెండోవైపు కూర్చుని జుట్టు పాయలు విడదీసింది.

“కదలకు వదినా, నూనె కారుతుంది,” అని మాత్రం అంది.

పుళ్ళకి జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు రాసి, ఇంజెక్షను చేసి లేచాం. గ్రేసమ్మ గారు గుడ్డ మడిచి బకెట్టులో కిరసనాయిల్లో వేయబోతే, మంగతాయారు చెయ్యి చాపింది. “ఒకసారి ఇటివ్వండి.” తీసుకుని నాలుగు మూలలూ కలిపి ముడేసి, చాప పక్కన పెట్టుకుంది. తల మీంచి దిగిన పేను ఒకట్రెండు రోజులకి మించి ఉండదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. గ్రేసమ్మ గారు నా వైపు చూశారు. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. ఆఫీసరు గారు రాలేదు, రాలేదని కబురూ రాలేదు. మంగలి మాత్రం పొది తీసుకుని వచ్చేశాడు. పిలిచి ఊరికే పంపడం బాగోదని వి.ఏ.ఓ. గారే కూర్చుని గడ్డం గీయించుకుంటున్నారు.

మంగతాయారుకి జ్వరం తగ్గుముఖం పట్టింది. ఆ రోజూ, మరుసటి రోజూ గుడ్డ ఆవిడ పక్కనే ఉంది. ఆ తర్వాత ఒక పూట మేం మెట్లు దిగుతుంటే తనే ఎదురొచ్చి గుడ్డ గ్రేసమ్మ గారి చేతిలో పెట్టింది.

“చచ్చిపోయేయండి,” అంది.

నెల పైనుంచి ఆవిడ నోట ఎవరూ ఆ మాట వినలేదని సుబ్బలక్ష్మి తర్వాత చెప్పింది. కూతురి సంగతి ఎవరైనా ఎత్తితే ‘వెళ్ళిందండి’ అనేదట, పక్కింటికి వెళ్ళినట్టు.

మంగతాయారు సూరిబాబు వైపు తిరిగింది. “దాన్ని ఎక్కడ పెట్టేరో చూపించు,” అంది.

దిబ్బ దాకా నడిచాం. ముందు సూరిబాబు, వెనక మంగతాయారు, ఊదారంగు మరకలతో, సగం కత్తిరించిన జుట్టుతో. ఆవిడ వెనక గ్రేసమ్మ గారు, అందరికన్నా వెనక నేను. బకెట్టు ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. దిబ్బ మీద గుర్తులేం లేవు. సూరిబాబు అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేసి నిలబడిపోయాడు.

“ఇక్కడే ఎక్కడో... ఆ రోజు చుట్టూ ఇంకా నీళ్ళేనే. సరిగ్గా ఎక్కడో...”

మంగతాయారు ఇసుకలో కూర్చుని, పక్కన చోటు చూపించింది. అతను కూర్చున్నాడు. నెల తర్వాత వాళ్ళిద్దరూ ఒకచోట కూర్చోవడం అప్పుడే చూశాను. మేం కొంచెం దూరంగా, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం. అది ఎవర్నీ ఏమీ చేయనట్టు పడి ఉంది.

పుళ్ళు మానాక గ్రేసమ్మ గారు మామూలు మందు పెట్టారు. ఆ రోజు మంగతాయారు మెట్ల మీద వరసలోనే కూర్చుంది.

ఇది జరిగి పదేళ్ళవుతోంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు, “మందొద్దని మొండికేసేవాళ్ళని ఏం చెయ్యాలండి?” అని అడుగుతుంటారు. దానికి శిక్షణలో మంచి జవాబులు చాలానే ఉన్నాయి, చదువుకోమంటాను. నాకు తెలిసింది మాత్రం ఇంతే చెబుతాను. పేను ఎగరలేదు, దూకలేదు. ఎవరైనా ఒక పూట ఆగమంటే అది ఆ తలలోనే ఆగుతుంది. తొందరంతా మనదే.