తమ్ముడి వేషం

పాలవాడికి "రేపు పాలు వద్దు" అని చెప్పాలన్నా డైలాగుల అక్కయ్యకి రిహార్సల్ కావాలి. ఆ మూడు మాటలూ ఆవిడకి రాక కాదు. పాలవాడు "ఎందుకమ్మా, ఊరెళ్తున్నారా?" అంటే ఏమనాలి, "అలాగే" అనేసి వెనక్కి తిరిగితే తలుపు ఎప్పుడు వేయాలి, ఏమీ అనకుండా అక్కడే నిలబడిపోతే ఎటు చూడాలి, ఇవన్నీ ముందే తేలాలి. తేల్చుకోవడానికి అవతలి మనిషి ఒకరు కావాలి. ఇంట్లో అవతలి మనిషి ఎప్పుడూ తమ్ముడే.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి ఇంటికొస్తే అతను వేయని వేషం లేదు. పాలవాడి వేషం వేశాడు, ఇంటి ఓనరు వేషం వేశాడు. పై వాటాలో కొత్తగా దిగినావిడ, ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి చెవుడు, అన్నీ అతనే. ఒక్కో రిహార్సల్ అయ్యాక అక్కయ్య తల ఊపి, "బాగా వచ్చింది. ఇంకోసారి" అనేది. ఆ "ఇంకోసారి" వినీ వినీ తమ్ముడికి కలలో కూడా పాలు పోయడం అలవాటైపోయింది.

పేచీ ఎక్కడంటే, అసలు మనుషులకి వాళ్ల డైలాగులు తెలియవు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు పన్ను ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అన్నది పొల్లు పోకుండా సాధన చేసింది. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, మాట కలుపుదామని "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగాడు.

"కింద ఎడమవైపు" అంది అక్కయ్య.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి నిలదీసింది. "ఆయన ఉద్యోగం గురించి అడిగాడు. నువ్వెందుకు అడగలేదు?"

"పళ్ల డాక్టర్ని అక్కా నేను. నీ ఉద్యోగం నాకెందుకు?"

"ఆ మాట ఆయనకి చెప్పాల్సింది."

అక్కయ్య ఉద్యోగం కళ్లద్దాల షాపు వెనక గదిలో. ఫ్రేముకి తగ్గట్టు అద్దాల అంచు అరగదీయడం, గోరంత స్క్రూలు బిగించడం. అక్కడ మనుషులు తక్కువ, అద్దాలు ఎక్కువ. అద్దం ఎదురు ప్రశ్న వేయదు. ఆవిడ చేతి నుంచి వెళ్లిన కళ్లజోడు మళ్లీ వెనక్కి వచ్చేది కాదు.

ఒకరోజు షాపుకి ఒక తల్లి వచ్చింది. యజమాని ఫ్రేములు చూపిస్తుంటే తన పెద్ద కూతురి సంగతి చెబుతూ కూర్చుంది. చుట్టాలొస్తే గదిలోంచి రాదనీ, ట్యూబులైటు చప్పుడికి చెవులు మూసుకుంటుందనీ, ఫోను చేసే ముందు మాటలన్నీ అద్దం ముందు చెప్పుకుంటుందనీ, ఇన్నేళ్లకి దాన్ని ఆటిజం అన్నారనీ చెప్పింది. వెనక గదిలో గ్రైండింగు మిషను ఆగిపోయింది.

"ఆవిడ కూతురి గురించి చెబుతుంటే నన్ను పక్కింటివాళ్లు తిడుతున్నట్టే అనిపించిందిరా" అంది ఆ సాయంత్రం. "అంత సరిగ్గా చెప్పింది. నేనూ డాక్టరుకి చూపించుకోవాలి."

"ఈ వయసులో అదంతా ఎందుకక్కా? ఇన్నాళ్లు గడిచిపోలేదా?"

"గడిచింది నీకు. నేను గడిపాను" అంది అక్కయ్య. "చిన్నప్పటినుంచీ నేనేదో తప్పు చేస్తున్నాననే అనుకుంటున్నా. తప్పేదో తెలిస్తే మానేద్దామని చూస్తున్నా. అది తప్పు కాదా, నా తీరే అంతా అన్నది నాకు తెలియాలి" అంది.

అది రిహార్సల్ చేసిన మాటలా ఉందని తమ్ముడికి తోచింది. తనతో చేయలేదు కాబట్టి, తోచడంతోనే ఆ ఆలోచన మానేశాడు.

మొదటి డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మాత్రం తనతోనే చేసింది. నమస్కారం ఎప్పుడు, నవ్వు ఎంత, కళ్లలోకి చూడలేకపోతే రెండు కనుబొమల మధ్య ఎలా చూడాలి, అన్నీ బాగా వచ్చాయి. మరీ బాగా వచ్చాయి. ఆయన గోడ గడియారం వైపోసారి చూసి, "చక్కగా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, ఉద్యోగం చేసుకుంటున్నారు, మీకు ఆటిజం ఏమిటమ్మా? కాస్త ఆందోళన, అంతే" అని మాత్రలు రాసి పంపాడు.

ఆ మాత్రలు వేసుకుంటే అక్కయ్యకి పగలే మబ్బు కమ్మినట్టుండేది. ఒక బడి మాస్టారి కళ్లజోడులో కుడి అద్దం ఎడమవైపు, ఎడమ అద్దం కుడివైపు బిగించింది. ఆయన అది పెట్టుకుని మెట్టు లేని చోట మెట్టు దిగాడు. కళ్లజోడు మొదటిసారి వెనక్కి వచ్చింది, మాస్టారు కుంటుకుంటూ దాని వెంట వచ్చాడు. యజమాని ఆవిణ్ణి మిషను మీంచి తప్పించి కౌంటరు దగ్గర నిలబెట్టాడు. మనుషులు ఎక్కువ, అద్దాలు తక్కువ ఉండే చోట. వారం తిరగకుండానే అక్కయ్య గొంతు పూడిపోయింది. మాత్రలు మానేసి, మబ్బు విడిచాకే మళ్లీ మిషను దగ్గర కూర్చుంది.

పెద్దవాళ్లలో ఆటిజం చూసే డాక్టరమ్మ ఉందని ఆ తల్లే చెప్పింది. ఆవిడ అపాయింట్‌మెంటు దొరికేసరికి కాలం చాలానే పట్టింది. డాక్టరమ్మ అక్కయ్యని చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషిని ఒకరిని, పనిలో ఎరిగిన మనిషిని ఒకరిని తీసుకురమ్మంది. పొద్దున్నుంచి చూసి, ఆ రోజే చెప్పేస్తానంది.

రిహార్సల్ మొదలైంది. తమ్ముడు డాక్టరమ్మ అయ్యాడు. అక్కయ్య లోపలికొచ్చింది, నమస్కారం పెట్టింది, కావాల్సినంత నవ్వింది, కనుబొమల మధ్య చూసింది, అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబిచ్చింది. వేషంలో లీనమైపోయిన తమ్ముడి నోటినుంచి దానంతటదే మాట ఊడిపడింది.

"మీకేం లేదమ్మా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బాగా వచ్చింది" అంది అక్కయ్య. "ఇంకోసారి" అనలేదు.

ఆ మాట కోసం తమ్ముడు ఎదురుచూశాడు. అది రాకపోయేసరికి వేషం చాలించి కూర్చున్నాడు. "అక్కా, ఈసారి రిహార్సల్ లేకుండా వెళ్దాం."

"లేకుండా ఎలా వెళ్తారు?"

"అందరూ అలాగే వెళ్తారు."

"అందరికీ భయం వేయదా?"

తమ్ముడు పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చాడు.

"నోరు తెరిస్తే మాట రాకపోతే?" అంది అక్కయ్య. ఆవిడ చేతిలో అద్దాలు తుడిచే గుడ్డ ఉండలా చుట్టుకుపోయి ఉంది.

"రాకపోతే రాలేదని ఆవిడ చూస్తుంది. చూపించుకోవడానికే కదా వెళ్లేది."

ధైర్యం చెప్పాడు గాని, తమ్ముడి గుండె తన చేతిలో లేదు. మళ్లీ లేదంటే, మళ్లీ మాత్రలు, మళ్లీ కౌంటరు. ఉందంటే, ఇన్నాళ్లూ ఒక్క "అక్క" అనే పేరుతో సరిపోయిన మనిషికి ఎవరో ఇంకో పేరు పెట్టి చేతికిస్తారు. ఇంటికి వెనక్కొచ్చేది అక్కేనా? మలుపుల్లో స్టీరింగు మీద చేతులు చెమటకి జారుతుంటే రెండు రోజులు సెలవు పెట్టాడు.

ఆసుపత్రి వరండాలో ట్యూబులైటు ఒకటి కందిరీగలా రొద పెడుతోంది. అక్కయ్య బెంచీ చివర, దానికి వీలైనంత దూరంగా, గుడ్డ నలుపుతూ కూర్చుంది. ముందు తమ్ముణ్ణి పిలిచారు.

డాక్టరమ్మ నిదానం మనిషి. చిన్నప్పుడు అక్కయ్య చుట్టాలొస్తే మంచం కింద దూరేదని తమ్ముడు చెప్పాడు. దీపం చుట్టూ పురుగులు తిరుగుతుంటే ఆకలి మర్చిపోయి చూసేదని చెప్పాడు. పాలవాడు, ఇంటి ఓనరు, అత్తగారి చెవుడు, అన్నీ చెప్పాడు.

"చెవుడు ఎలా వేశారు?" అని ఆవిడ నవ్వింది.

"ప్రతిదీ రెండుసార్లు అనిపించుకున్నానండి. మా అక్కకి అది తెగ నచ్చింది."

"మీతో మాట్లాడాలన్నా రిహార్సల్ చేస్తారా?"

"నాతో ఎందుకండీ?" తమ్ముడు నిటారుగా కూర్చున్నాడు. "లోకం మొత్తం మీద నా ఒక్కడి దగ్గరే ఆవిడకి అది అక్కర్లేదు."

డాక్టరమ్మ అది రాసుకుంది. తర్వాత పని తరఫున వచ్చిన షాపు యజమాని వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత అక్కయ్య లేచింది. తలుపు దగ్గర ఆగి తమ్ముడి వైపు చూసింది. అతని దగ్గర అందించడానికి ఒక్క డైలాగూ లేదు. తలుపు మూసుకుంది.

లోపలినుంచి చప్పుడు లేదు. చాలాసేపు లేదు. మాట రావడం లేదేమోనని తమ్ముడికి భయం వేసింది. ఆ నిశ్శబ్దం భరించలేక, తను లోపల ఏమేం చెప్పాడో యజమానికి ఏకరువు పెట్టాడు. "నాతో మాత్రం రిహార్సల్ అక్కర్లేదని కూడా చెప్పానండి."

యజమాని కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవాల్సిన అవసరం లేని కళ్లజోడు అది.

"ఏమయ్యా, నీ వేషం ఎవరు వేస్తున్నారనుకున్నావు?"

"నా వేషం ఏంటండీ?"

"నేనే. ఆవిడ పనిలో చేరినప్పటినుంచీ. అన్నిట్లోకీ కష్టమైన వేషం. నీకు కోపం ముందొస్తుంది, కారణం తర్వాతొస్తుంది. అది పట్టుకోవడానికే నాకు ఏడాది పట్టింది."

తమ్ముడికి సగం మాటలే చెవికెక్కాయి. తను డాక్టరమ్మకి అబద్ధపు సాక్ష్యం చెప్పాడు. దాన్ని పట్టుకుని ఆవిడ లేదనేస్తే? లేచి తలుపు వైపు వెళ్లబోయాడు. యజమాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కంగారుపడకు. నా వంతులో అంతా చెప్పేశాను. తమ్ముడికి తెలియదు, అదే ఆవిడ గొప్ప అని కూడా చెప్పాను."

"ఏమేం చేయించింది?"

"నీ పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు ఒకటి. లైసెన్సు పరీక్ష పోయినప్పుడు ఒకటి." యజమాని గొంతు తగ్గించాడు. "మీ అమ్మ పోయిన రోజు ఒకటి."

ఆ రోజు తమ్ముడికి బాగా గుర్తు. అక్కయ్య డిపోకి వచ్చింది. బస్సు ఆగేదాకా నిలబడింది. ఇంజను ఆపించింది, తాళాలు తన చేతిలోకి తీసుకుంది. "ముందు నువ్వు కూర్చో" అంది. అప్పుడు చెప్పింది. ఆసుపత్రి డిపో పక్క వీధిలోనే ఉన్నా అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని చుట్టాలు అడిగారు. కన్నీటిబొట్టు రాల్చని రాతిమనిషి అన్నారు. తనూ పైకి అనలేదు గాని, ఆ వేళంతా ఎక్కడుందో అని చాలా ఏళ్లు అనుకున్నాడు.

"మా షాపులో ఉంది" అన్నాడు యజమాని. "బండి కదులుతుండగా చెబితే వాడి చేతులు వణుకుతాయి, తాళాలు ముందు తీసుకోవాలా, కూర్చోబెట్టాక తీసుకోవాలా అని మళ్లీ మళ్లీ చేయించింది. మొదటిసారి చెప్పగానే నేను ఏడ్చేశాను. 'మా తమ్ముడు అంత తొందరగా ఏడవడు, సరిగ్గా చేయండి' అంది. అలా అంటున్నంతసేపూ ఆవిడ కళ్లు కారుతూనే ఉన్నాయి."

తమ్ముడు ట్యూబులైటు వైపు చూస్తూ కూర్చున్నాడు. అది అంత చప్పుడు చేస్తుందని అప్పుడే అతనికి వినిపించింది.

"ఇవాళ్టికి కూడా చేయించింది" అన్నాడు యజమాని. "డాక్టరమ్మతో మాట్లాడటానికి రిహార్సల్ వద్దన్నావట. ఆ మాట నిలబెట్టుకుంది. బయటికొచ్చి నీకు చెప్పడానికి మాత్రం వారం రోజులుగా చేస్తోంది. రెండు రకాలు."

"ఎలా మొదలవుతాయి?"

"లేదంటే, 'పద, బస్సు తప్పిపోతుంది' అంటుంది. ఉందంటే, 'ముందు నువ్వు కూర్చో' అంటుంది."

తలుపు తెరుచుకుంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. అక్కయ్య ముఖం తెల్లబోయి ఉంది. గుడ్డ చేతిలో లేదు, లోపలే మర్చిపోయినట్టుంది. దగ్గరికొచ్చి అతని కనుబొమల మధ్య చూసింది. పెదవులు ఒకసారి కదిలాయి, మాట రాలేదు. బస్సు తప్పిపోతుందంటుందేమోనని తమ్ముడు ఆవిడ పెదవులనే చూశాడు. ఏ మాటకి భయపడుతున్నాడో, ఏ మాట కావాలో అతనికి అప్పుడు తేలింది.

"ముందు నువ్వు కూర్చో" అంది అక్కయ్య.

కూర్చున్నాడు.

"ఉందిరా. ఆటిజమే. పుట్టినప్పటినుంచీ ఉంది, కొత్తగా రాలేదు. రేపు పొద్దున లేచాక కూడా నేనే ఉంటాను, నువ్వు కంగారుపడక్కర్లేదు." ఆగి, ఊపిరి పీల్చుకుంది. తర్వాతి మాటలు తడబడుతూ వచ్చాయి, అవి ఎక్కడా సాధన చేసినవి కావు. "లోపల మాట రాలేదు. చాలాసేపు రాలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. గడియారం చూడలేదు. రాకపోవడం కూడా చెప్పడమే అంది."

జీవితంలో ఇన్ని వేషాలు వేసినవాడికి సొంత వేషంలో ఏమనాలో తెలియలేదు. పక్కకి ఒరిగి, యజమానిని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు నేనేమంటానండీ?"

"ఏమీ అనవు. ముక్కు చీదుతావు. తర్వాత టీ తాగుదామంటావు."

తమ్ముడు జేబురుమాలు తీసి ముక్కు చీదాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "టీ తాగుదామా అక్కా?"

అక్కయ్య అతన్నీ, యజమానినీ మార్చి మార్చి చూసింది. పొద్దున్నుంచి బిగుసుకుని ఉన్న భుజాలు కిందికి దిగాయి.

"బాగా వచ్చింది" అంది. "కానీ ముక్కు చీదడం ఆయనదే సహజంగా ఉంది. ఇంకోసారి."