అరల్లో బోర్లించిన బొమ్మలు

మొన్న ఆదివారం అమీన్‌పూర్‌లో మా అబ్బాయి కొన్న ఫ్లాటుకు వెళ్తే, హాలు గోడకు కొత్తగా తగిలించిన బొమ్మ ముందు కోడలు నన్ను నిలబెట్టింది. ఒక మసిగిన్నె, పక్కన నాలుగు వెల్లుల్లిపాయలు, వెనక పెచ్చులూడిన గోడ. ఇంట్లో రోజూ కనిపించే వస్తువుల్లోనే కళ ఉంటుందని ఇంటీరియర్ పని చేసినాయన చెప్పాడట. "ఎట్లుంది అత్తమ్మా?" అని మురిపెంగా అడిగితే, "మంచిగ లేదు" అని మొహం మీదే అనేశాను. పాపం, ఆ పిల్ల చిన్నబోయింది. నా కోపం తన మీద కాదనీ, ఎప్పుడో పోయిన మా అత్తగారి మీదనీ దానికెలా తెలుస్తుంది? నా ఈడువాళ్ళకైతే అర్థమవుతుందని మీకు చెబుతున్నాను.

పటేల్‌గూడలో అప్పట్లో మాది రెండు గదుల రేకుల ఇల్లు. మావారు బొల్లారంలో మందుల కంపెనీకి షిఫ్టులకు వెళ్ళేవారు. ఆయన కంపెనీ బస్సెక్కగానే అత్తగారి రాజ్యం మొదలయ్యేది. గడప దాటాలంటే ఆమె సెలవివ్వాలి, ఆమె సెలవిచ్చేది చర్చికి మాత్రమే. పెళ్ళికి ముందే డ్రాయింగు పరీక్షలు పాసైన నాకు చెట్లూ చెరువూ చూసి గీసే భాగ్యం లేదు కనుక, ఇంట్లో ఉన్నవే గీసేదాన్ని. మేకుకు తగిలించిన కంపెనీ చొక్కా, లోపల మనిషి లేకపోయినా మావారి వంగిన భుజాలతోనే వేలాడేది. వెంటిలేటర్లోంచి పడే ఎండ పదింటికి నీళ్ళ బిందె మీదా, పదకొండింటికి బియ్యం డబ్బా మీదా ఉండేది. కూర మాడబెట్టి మరీ ఆ ఎండ వెంట తిరిగేదాన్ని. డ్రమ్ములకు చుట్టి వచ్చే మందపాటి గోధుమరంగు కాగితం మావారు కంపెనీ నుంచి తెచ్చేవారు, దానిమీద బొగ్గూ సుద్దముక్కా ఎంత బాగా పలికేవో! అంత సంతోషం ఆ ఇంట్లో నాకు మరెందులోనూ దొరకలేదు.

అలా ఉండగా దగ్గర్లోని స్కూల్లో డ్రాయింగ్ టీచరు ఉద్యోగం పడింది. మా చర్చికే వచ్చే హెడ్‌మిస్ట్రెస్ గారు, క్రిస్మస్ సెలవులు కాగానే పది బొమ్మలు పట్టుకుని ఇంటర్వ్యూకు రమ్మన్నారు. ఆ ఉద్యోగం వస్తే రోజూ గడప దాటవచ్చు, నాకు కావలసిందల్లా అదే. పదీ పూర్తిచేసి చాప కింద దాచాను. పదోది అత్తగారి మంచం: చిరిగిన బొంత, దాని మీద ఆమె పడుకుని లేచిన గుంట.

మా ఇళ్ళల్లో క్రిస్మస్ అంటే ముందు ఇల్లు సర్దడం. గోడలకు సున్నం వేసి, గిన్నెలన్నీ తోమి, వంటింటి అరల్లో కొత్త కాగితం పరిచి, ముందుకు వేలాడే అంచును కత్తెరతో పూలపూలుగా కోయాలి. ప్రార్థన చేయడానికి వచ్చే పాస్టరయ్యగారి చూపు మొదట ఆ అంచుల మీదే పడుతుందని ఆడవాళ్ళ నమ్మకం. ఆ కోతలో మా అత్తగారిని మించినవాళ్ళు లేరు, ఒప్పుకోవడం నాకిష్టం లేకపోయినా. ఆ ఏడు నేను బోరు దగ్గర దుప్పట్లు ఉతుక్కుని వచ్చేసరికి అరలన్నీ పరిచి ఉన్నాయి, నా కాగితాలతో. పొరపాటు అనుకుందామంటే, పదింటినీ బొమ్మ కనబడకుండా బోర్లించింది. నేను గొంతు చించుకుంటుంటే గిన్నెలు సర్దుతూనే జవాబిచ్చింది.

"ఏంది నీ లొల్లి? మన సొట్టలు వడ్డ గిన్నెలు, నా చినిగిన బొంత తీస్కపోయి పెద్దమేడంకు సూపిస్తవా? ఇగ మనకు ఇజ్జత్ ఉంటదా?"

ఇజ్జతట! ఆ గుంటను గీయడానికి నాకు నాలుగు రోజులు పట్టిందనీ, ఆమెను నేను కాస్త ప్రేమగా చూసింది ఆ నాలుగు రోజులేననీ ఆమెకు చెప్పలేదు. ఆ కాగితాలను మళ్ళీ ముట్టుకోనూ లేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున మావారు షిఫ్టు దిగి వచ్చి, స్నానమైనా చేయకుండా గిన్నెలన్నీ దించి, కాగితాలు తుడిచి చుట్టి నా ఒళ్ళో పెట్టారు. "గివే తీస్కపో. అంచు కోస్తే ఏమైతది, బొమ్మ బొమ్మనే గద" అని బతిమాలారు. నేను కదల్లేదు. స్కూలు సాయంత్రం గంట కొట్టేదాకా చేతులు కట్టుకుని అత్తగారికి ఎదురుగా కూర్చున్నాను. కోడలి బతుకు పాడుచేశానే అని ఆమె చచ్చేదాకా కుమిలిపోవాలని నా పంతం.

ఆమె ఒక్కరోజు కూడా కుమిలిపోలేదు. ఆ సాయంత్రమే చాయ్ తాగి, కాగితాలు మళ్ళీ అరల్లో పరిచి, ఆ తర్వాత చాలా ఏళ్ళు నిక్షేపంగా బతికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, ఆ చోట అపార్టుమెంటు లేచింది. వంటిళ్ళలో అరలన్నిటికీ తలుపులు వచ్చాయి, అంచు పూలుగా కోయడం తెలిసినవాళ్ళు మా చర్చిలో నలుగురైనా మిగల్లేదు. కోడళ్ళు ఎవరి సెలవూ అడగకుండా బండి తీసుకుని ఉద్యోగాలకు పోతున్నారు. చూస్తే సంతోషమూ వేస్తుంది, కడుపూ మండుతుంది. ఇన్నేళ్ళూ ఆమెనే తిట్టుకుంటూ వచ్చాను గానీ, ఆ రోజంతా మా ఇంటి తలుపు బార్లా తీసే ఉంది, ఆమె అడ్డం కూడా నిలబడలేదు, లేచి వెళ్ళనిది నేనే.