ఏకగ్రీవ తీర్మానం

నాకు కోపం ముక్కు మీదుంటుందని మా ఇంట్లో వాళ్లంటారు. నిజమే. బస్సులో ఆడవాళ్ల సీటులో మగవాడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, సూర్యాపేటలో మొదలుపెట్టిన తగువు మిర్యాలగూడ దాకా సాగించగలను. అలాంటి దాన్ని, ఒక పొద్దున నలభై మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, అనాల్సిన ఒక్క మాట అనకుండా రిజిస్టరులోకి తల దించుకున్నాను. ఆ రోజు నన్నెవరూ నిలదీయలేదు. నిలదీసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడు నేనొక చిన్న సంస్థలో పనిచేసేదాన్ని. ఆఫీసు కోదాడలో, ఇల్లు సూర్యాపేటలో, పని మిర్యాలగూడలో. రైసు మిల్లుల వెనక ఒక వాడ ఉండేది. అక్కడి ఆడవాళ్లను కూడగట్టి, తమ ఆరోగ్యం బాగుపడాలంటే ఏం కావాలో వాళ్లే తేల్చుకునేలా చేయడం నా ఉద్యోగం. వాడ మొత్తం కలిసి ఏదో ఒక్క పని కోరుకోవాలి. సంస్థ ఆ పని చేసిపెడుతుంది. ప్రతి మీటింగులోనూ నేను "అడగందే అమ్మయినా పెట్టదు" అని మొదలుపెట్టేదాన్ని. చెప్పీ చెప్పీ అది వాళ్లకు కంఠతా వచ్చేసింది. నేను లేవగానే పిల్లలు ముందే అందుకునేవారు.

ఆ వాడలో బట్టలు ఆరేస్తే ఊక బూడిద వాలేది. అన్నం పెట్టే ముందు పళ్లేన్ని కొంగుతో ఒకసారి తుడవడం అక్కడి ఇల్లాళ్లకు అలవాటు. కొత్తలో నేనది మర్యాద అనుకున్నాను. మిల్లుకు ముందువైపు కాలనీలో డాక్టర్ల బోర్డులు వరసగా ఉంటాయి. వెనకవైపు ఒక్క మందుల షాపు. దగ్గుకు అక్కడ సీసా ఇస్తారు, ఆ సీసా అయిపోతే ఇంకో సీసా. దగ్గును అక్కడెవరూ రోగంగా లెక్కపెట్టరు. "మిల్లు దగ్గు" అంటారు, మన దగ్గర ఎండాకాలపు చెమటకాయలు అన్నంత తేలిగ్గా. సర్కారు దవాఖాన ఉంది, మంచిదే. కానీ పట్నానికి అవతలి కొసన ఉంది, చీటీ రాసేది మధ్యాహ్నం దాకానే. మిల్లులో ఊడ్చే మనిషి అక్కడికి పోవాలంటే ఆ రోజు పని మానుకోవాలి. రెండుసార్లు మానుకుంటే మూడోసారి పిలవరు.

ఆ వాడ సంఘానికి ఒక నాయకురాలు ఉండేది. అందరూ పెద్దక్క అనేవారు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, మనసూ పెద్దదే. బిందెలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుని వాడకు నల్లా నీళ్లు తెప్పించింది ఆమే. ఆమె ఇంటి వెనక మూడు గదులు కిరాయికి ఉండేవి. వాటిలో ఒకదాంట్లో తిరుమలగిరి దిక్కు తండా నుంచి వచ్చిన ఒకామె, ఆమె భర్త ఉండేవారు. బోర్లు ఎండిపోయి పత్తి చేను వదిలేసి వచ్చారు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇద్దరూ మిల్లులోనే పని. ఆమె నన్ను మేడం అనేది కాదు, అక్కా అనేది. ఆ వాడలో నన్ను అలా పిలిచింది ఆమె ఒక్కతే.

ఒకరోజు ఆమె గదిలో చాయ్ తాగుతున్నాను. మాట మాటకీ దగ్గుతోంది.

"మా తండాల దుమ్ము లేదా అక్కా? ఉంటది. గని గిట్ల దగ్గేటోళ్లం గాదు. గీడికొచ్చినంకనే," అంది.

"దవాఖానకు పోరాదూ?" అన్నాను.

"ఎప్పుడు పోవాలె? వాళ్లు తెరిసినప్పుడు నేను మిల్లుల ఉంట. నేను బయటికొచ్చేసరికి వాళ్లు మూస్తరు. ఒక డాక్టరు పొద్దుగూకినంక గీ వాడకే వచ్చి కూసుంటే ఎంత బాగుంటది! నా ఒక్కదానికేనా? దగ్గనోళ్లెవరు గీడ?"

పుస్తకాలు చదివి, శిక్షణలకు పోయి వచ్చిన నాకు తట్టని మాట అది. ఆఫీసులో చెబితే సారుకూ నచ్చింది. "పెట్టండి, పెట్టండి. ఓటింగులో అది కూడా ఒకటి పెట్టండి. కానీ ఏది వచ్చినా ఏకగ్రీవంగా రావాలండీ. అటు కొందరు, ఇటు కొందరు అంటే డబ్బులిచ్చే పైవాళ్లు ఒప్పుకోరు. మళ్లీ మొదటి నుంచి మీటింగులు పెట్టుకోవాలి," అన్నాడాయన. ఆ ఎండల్లో మళ్లీ మొదటి నుంచి అంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టయింది.

ఓటింగంటే చింతగింజలతో. చదువు రాని వాళ్లు కూడా చెప్పగలగాలని అలా చేస్తాం. నేల మీద ముగ్గుతో నాలుగు గళ్లు గీశాను. ఒకదాంట్లో మురుగునీటి మోరీ బొమ్మ, ఒకదాంట్లో వీధిదీపం, ఒకదాంట్లో సంఘం షెడ్డు. నాలుగో దాంట్లో మాత్రల అట్ట పెట్టాను, అది సాయంత్రం డాక్టరుకు గుర్తు. మనిషికి ఐదు గింజలు. ఎవరికి ఏది ముఖ్యమనిపిస్తే అందులో వేయాలి. పెద్దవాళ్లను చివర్న వేయమనాలని మాకు శిక్షణలో గట్టిగా చెప్పారు. వాళ్లు ముందు వేస్తే మిగతావాళ్ల చేతులు అటే పోతాయట. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మన దగ్గర ఏ పనైనా మంచి చెయ్యి ఉన్న పెద్దమనిషితో మొదలుపెట్టించడం ఆనవాయితీ. విత్తనం వేసినా అంతే, కొత్త పొయ్యి వెలిగించినా అంతే. "పెద్దక్కా, నీ చెయ్యి మంచిది, నువ్వే మొదలుపెట్టు," అని నేనే పిలిచాను. ఆమెను ఆఖర్న నిలబెట్టి అవమానించలేననుకున్నాను. తొందరగా తెమిలిపోతుందని కూడా అనుకున్నాను. ఆ రెండోదే ఎక్కువ నిజం.

పెద్దక్క ఐదు గింజలూ షెడ్డులో వేసింది. ఆమె తప్పేం లేదు. సంఘం వాళ్లు మిల్లు గోడ నీడన కూర్చుంటే వాచ్‌మన్ వచ్చి లేపుతుండేవాడు. మనకంటూ ఒక కప్పు ఉండాలని ఆమె ఏళ్లుగా అంటోంది. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి షెడ్డులోనే వేశారు. పెద్దల మాట చద్దిమూట కదా.

కిరాయి గదిలో ఉండే ఆమె వచ్చింది. వంగి, ఐదు గింజలూ మాత్రల అట్ట పక్కన పెట్టింది.

పెద్దక్క నవ్వింది. "ఏందే పిల్లా, నా ఇంట్ల ఉండుకుంట నాకే ఎదురా? మా షెడ్డు నీకొద్దా?" అంది. అందరూ నవ్వారు. అది ఎగతాళే, బెదిరింపు కాదు. కానీ ఇంటివాళ్ల ఎగతాళిని కిరాయికి ఉన్నవాళ్లు ఎగతాళిగా తీసుకోలేరు. ఆమె మళ్లీ వంగి గింజలు ఏరుకుంది. షెడ్డులో వేసింది. నలుగురితో పాటు నారాయణా. లేచేటప్పుడు దగ్గు ఆపుకుంటూ నా వైపు చూసింది.

"ఆగమ్మా, నీ గింజలు నీ ఇష్టం" అనడానికి నాకేం అడ్డం? ఏమీ లేదు. ఒక్క గింజ అటున్నా ఏకగ్రీవం కాదని మాత్రం తలలో మెదిలింది. రిజిస్టరు తెరిచి "షెడ్డు కావాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశాను. చదివి వినిపించాలి, అదీ చేయలేదు, ఎండ ముదురుతోంది. సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. ఆమె కూడా వేలిముద్ర వేసింది. అందరం చప్పట్లు కొట్టాం. కోదాడలో సారు నన్ను మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయాను కూడా.

వానలు తగ్గాక షెడ్డు లేచింది. ఆ తర్వాత నన్ను వేరే మండలానికి వేశారు. ఒకరోజు పెద్దక్క ఫోన్ చేసింది.

"బిడ్డా, మా వెనక గదిల పిల్లను సూర్యాపేట పెద్ద దవాఖానకు తోలిండ్రు. నువ్ గాడనే ఉంటవ్ గదా, జర సూడు."

పోయి చూశాను. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. టీబీ అన్నారు. నయమయ్యే జబ్బే, మందులు ఊరికే ఇస్తారు, కానీ చాలా ఆలస్యమైందని డాక్టరమ్మ చెప్పింది. ఐదారు నెలల ముందు వచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదట. నేను గోడకు ఆనుకుని లెక్కపెట్టుకున్నాను. గింజలు వేసి అప్పటికి ఆరు నెలలు.

మర్నాడు పెద్దక్క జావ కాచి తెచ్చింది. వరండాలో కూర్చోబెట్టి ఆమెకు జరిగింది చెప్పాను. మాత్రల అట్ట ఎవరి ఆలోచనో, ఆ గింజలు ఎందుకు అక్కడ పడ్డాయో చెప్పాను. పెద్దక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేను నవ్వులాటకన్న బిడ్డా. మిల్లు దగ్గే గదా అనుకున్న. ఒక్క మాట చెప్తే నా గింజలు గూడ తీసి డాక్టరుకేసేదాన్ని. అందరితోని ఏపిచ్చేదాన్ని. నీకెర్కేనాయె, నువ్వెందుకు చెప్పలే?"

ఏ మనిషి నొచ్చుకుంటుందని నేను నోరు మూసుకున్నానో, ఆ మనిషే అడుగుతోంది.

తండా నుంచి వచ్చిన ఆమె చనిపోవడానికి రెండు రోజుల ముందు నేనొక్కదాన్నే మంచం పక్కన కూర్చున్నాను. ఆమె భర్త మందుల కోసం కిందికి పోయాడు. ఇక దాచుకోలేకపోయాను.

"ఆ రోజు నేను చూశాను చెల్లే. నువ్వు గింజలు తీసి మళ్లీ వేయడం చూశాను. చూసి కూడా ఊరుకున్నాను," అన్నాను.

"ఎర్కే అక్కా, నువ్ సూసినవ్," అంది. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతోంది. "అందుకే నాకు రంది లేకుండె, నిమ్మలంగ ఉన్న. పెద్దక్క నవ్వింది, నేను తీసిన. గని అక్క సూసింది, అక్క డాక్టరనే రాస్తది అనుకున్న. షెడ్డు కడుతుంటే డాక్టరుకే అనుకున్న. మా ఆయన పెద్ద దవాఖానకు పోదాం పా అనేటోడు. ఎందుకయ్యా, ఇగ గీడికే వస్తడు, పని ఇడిసిపెట్టుడెందుకు అన్న. రేకులేసిండ్రు, రంగులేసిండ్రు, కుర్చీలు దించిండ్రు. పొద్దుగూకినంక రోజూ పోయి సూసొచ్చేదాన్ని."

అన్ని నెలలూ ఆమె మందు లేకుండా ఉన్నది నన్ను నమ్ముకునే.