జిరాక్సులో రాని బీము

పెద్ద ప్రింటరులోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. కొత్త సున్నం వాసనలో కాస్త పులుపు కలిసినట్టుంటుంది. టెక్కలిలో నేను పనిచేసే ఆఫీసులో రోజుకు పదిసార్లయినా ఆ వాసన పీలుస్తాను. అయినా అలవాటు పడలేదు. కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టి చూసుకుంటేగాని బయటికి పంపను. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారు. చాదస్తం అనుకుంటారు కాబోలు. వాళ్ల వయసులో నేను హైమావతి గారి గురించి అనుకున్నదీ అదే.

హైమావతి గారికి కాశీబుగ్గలో మేడ మీద రెండు గదుల ఆఫీసుండేది. ఇళ్లకు ప్లాన్లు గీసేవారు. అంతకుముందు చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ ఆఫీసులో ట్రేసరుగా పనిచేశారు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, సిరా పెన్నుతో దిద్దే పని అది. సన్నగీతకి ఒక పెన్ను, లావుగీతకి ఒక పెన్ను. కంప్యూటర్లు వచ్చాక ఆవిడ ఆ పెన్నుల్ని డబ్బాలో పెట్టేశారు గాని, వాటి పద్ధతిని వదల్లేదు. మనిషి పొట్టి, మాట గట్టి. నవ్వాలంటే ఎవరి అనుమతో కావాలన్నట్టుండేవారు. పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని, మా ఉద్దానంలో నా అంత బొమ్మ గీసేవాళ్లు లేరన్న ధీమాతో నేను ఆవిడ దగ్గర చేరాను.

మొదటి వారంలోనే నా ధీమాకి నీళ్లొదిలాను. ఒక ఇంటి ప్లాను గీసి, గోడలకి ఒక రంగు, తలుపులకి ఒక రంగు, కుండీల్లో మొక్కలకి ముదురాకుపచ్చ, ఇలా తెర మీద పెళ్లిపందిరి కట్టాను. ఆవిడ కాసేపు చూసి, ఇందులో ఏ రంగు ఎంత లావు అని అడిగారు. రంగుకి లావేమిటో నాకు అర్థం కాలేదు.

"రంగంతా తెర మీదేనమ్మీ. మేస్త్రి సేతికెల్లేసరికి మొత్తం నలుపే. ఆడికి లావూ సన్నమే తెలుస్తాది. రంగు పేరు సెప్పకు, పెన్ను పేరు సెప్పు" అన్నారు.

అప్పటినుంచి రంగులు నాకు పెన్నులయ్యాయి. ఎరుపు అన్నిటికన్నా సన్నం, కొలతలకి. పాత గోడలకి బూడిదరంగు, మధ్యరకం. పగలగొట్టాల్సిన వాటికి ఊదారంగు, తెగి తెగి ఉండే గీత. కొత్తగా కట్టాల్సినవాటికి పసుపు, అన్నిటికన్నా లావు. ఏ రంగు ఎంత లావున పడాలో చెప్పే చిన్న ఫైలొకటి మా కంప్యూటరులో ఉండేది. అది ఉన్నంతసేపూ పసుపుపచ్చ గీత కాగితం మీద బొగ్గులా నల్లగా, బొటనవేలితో తడిమితే తగులుతుందేమో అన్నంత లావుగా పడేది.

ఆవిడకి ఇంకో అలవాటుండేది. ప్రింటు తీశాక దాన్ని బస్టాండు దగ్గరున్న పాత జిరాక్సు మిషను మీద కాపీ తీయించేవారు. ఊళ్లో అంతకన్నా అధ్వాన్నమైన మిషను లేదు, అందుకే అక్కడికి. ఆ కాపీని కింద టీ కొట్టు నడిపే గున్నమ్మకిచ్చి, ఇందులో ముందు ఏం కడతారు, ఏం పగలగొడతారు అని అడిగేవారు. గున్నమ్మకి చదువు రాదు. పాలు పొంగిపోతున్నా విసుక్కుంటూనే వేలు పెట్టి చూపించేది. ఆమె తప్పు చూపిస్తే డ్రాయింగు మళ్లీ మొదటికి. గున్నమ్మ పరీక్షలో నేను మూడుసార్లు తప్పాను. నాకు తల కొట్టేసినట్టుండేది. డిప్లొమా చదివినదాన్ని, టీ కాచేవాళ్లచేత మార్కులు వేయించుకోవడమేమిటని లోపల్లోపల రగిలిపోయేదాన్ని.

ఆ రోజుల్లో కవిటి దగ్గర ఊరినుంచి నీలవేణి గారి ఇంటి పని వచ్చింది. ఆమె మావగారికి కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎన్నాళ్లయిందని మాత్రం అడుగుతారు. ఇంట్లోనే సంచులతో డయాలసిస్ చేసుకోవాలని, దానికి శుభ్రమైన గది, లోపలే చేతులు కడుక్కునే చోటు ఉండాలని డాక్టరు చెప్పారు. ఆయన పడుకునే గది చిన్నది. పక్కన కొబ్బరికాయలు పోసే గది. రెంటికీ మధ్య గోడ తీసేస్తే ఒక మంచి గదవుతుంది. అయితే పైన స్లాబు బరువంతా ఆ గోడ మీదే ఉంది. అందుకని ముందు స్లాబుకి కింద ఆసరాగా కర్రలు పోటు పెట్టి, రెండు చివర్లా స్తంభాలు లేపి, పైన బీము వేసి, ఆ తర్వాతే గోడ తీయాలి. హైమావతి గారు లెక్క చూశారు, నేను గీశాను. గోడ ఊదారంగులో, తెగిన గీత. పోట్లు, స్తంభాలు, బీము, మొత్తం పసుపు.

మేస్త్రి సింహాచలం కాగితాల కోసం వచ్చిన రోజు ఆవిడ పనిమీద శ్రీకాకుళం వెళ్లారు. మా ప్రింటరులో ఇంకు అయిపోయింది. నేను ఫైలుని పెన్‌డ్రైవులో వేసుకుని బజారులో కొత్తగా పెట్టిన ప్రింటింగు షాపుకి వెళ్లాను. పెన్నుల ఫైలు తీసుకెళ్లాలన్న ధ్యాసే లేదు. షాపులో డ్రాయింగు రంగుల్లో వచ్చింది. తెల్లకాగితం మీద పసుపు కాస్త వెలిసినట్టున్నా, బొమ్మ ముచ్చటగా ఉంది. అక్కడే నల్లజిరాక్సులు రెండు తీయించి, ఒకటి మేస్త్రికిచ్చి, ఒకటి ఫైలులో పెట్టాను. గున్నమ్మ దగ్గరికి వెళ్లలేదు. మేడం లేని రోజు కూడా ఆ పరీక్షేమిటనుకున్నాను. ఇచ్చేముందు జిరాక్సు చూశాను కూడా. బీము ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి, అక్కడ బీము ఉన్నట్టే కనబడింది.

మర్నాడు పొద్దున్న పదింటికి హైమావతి గారు ఫైలు తిరగేస్తూ ఆ కాగితం దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఇందులో బీమేదమ్మీ?"

లేచి వెళ్లి చూశాను. పగలగొట్టాల్సిన గోడ స్పష్టంగా ఉంది. బీము లేదు, స్తంభాలు లేవు, పోట్లు లేవు. పసుపంతా జిరాక్సులో తెల్లగా పోయింది. గోడ తీసేయండి అని మాత్రం చెబుతోంది ఆ కాగితం.

మేస్త్రికి ఫోను చేస్తే మోగుతోంది గాని ఎత్తడంలేదు. నీలవేణి గారి ఫోను స్విచాఫ్. ఆవిడ స్కూటరు తీశారు, నేను వెనక కూర్చున్నాను. హరిపురం దాటేవరకూ ఫోను చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోయేది. సుత్తి పట్టుకున్నవాడు చొక్కా విప్పి మేకుకి తగిలిస్తాడని, ఫోను ఆ జేబులోనే ఉంటుందని నాకు తెలుసు. ఈపాటికి ఎన్ని ఇటుక వరసలు తీసి ఉంటాడు? ముసలాయన మంచం ఏ గోడవైపుంది? కొలతలకి వెళ్లినరోజు నేనే చూశాను, గుర్తురావడంలేదు. హైవే మీద లారీలు మమ్మల్ని దాటిపోతున్నాయి. ఆవిడ ఒక్క మాట తిట్టినా బాగుండేది. కంచిలి దగ్గర కవిటి రోడ్డుకి తిరిగేవరకూ ఆవిడ వీపు తప్ప నాకేమీ కనబడలేదు.

ఇల్లు నిలబడే ఉంది. వీధిలోంచి సుత్తి చప్పుడు వినిపించింది. లోపల గోడ మధ్యలో, స్లాబు అంచునుంచి కిందికి, కిటికీ అంత కన్నం. మంచం ఈ పక్కనే ఉంది. ముసలాయన మొహానికి తుండుగుడ్డ కప్పుకుని పడుకున్నాడు, దుమ్ము పడకుండా. ఆయన పైన స్లాబుకి వెంట్రుకలా సన్నటి పగులు, గది ఆ చివరినుంచి ఈ చివరికి.

హైమావతి గారు అరవలేదు. సుత్తి కింద పెట్టమని మేస్త్రితో నెమ్మదిగా చెప్పారు. ముసలాయన్ని మంచంతో సహా వాకిట్లోకి మోయించారు. కొట్టాం వెనక సరుగుడు కర్రలున్నాయని నీలవేణి గారు చెబితే, వాటిని కోయించి ఒక్కొక్కటే స్లాబు కింద నిలబెట్టించడం మొదలుపెట్టారు. నేను గడప బయటే ఉండిపోయాను. ఆవిడ మూడో కర్రని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి తిరగకుండానే నన్ను పిలిచారు.

"లోపలికి రా అమ్మీ. మనం గీసిన గదే కదా."

వెళ్లాను. ఆవిడ పక్కన నిలబడి కర్ర పట్టుకున్నాను. పైనుంచి సున్నపు పొడి నా చేతుల మీద రాలుతూనే ఉంది. పన్నెండో కర్ర బిగిసేవరకూ ఆవిడ బయటికి రాలేదు, నన్నూ రానివ్వలేదు.

తర్వాత మేస్త్రి కాగితం తెచ్చి ఆవిడ ముందు పరిచాడు. అది స్లాబు బరువు మోయని, మధ్యలో కట్టుకున్న అడ్డుగోడే అనుకున్నానన్నాడు.

"ఉన్న గీతైతే సూత్తాను మేడం. నేని గీత నానెక్కడ సూసీది?"

"నీ తప్పు నేదు సింహాచలం. తప్పు నాది. కాగితం సూడకుండా పంపినాను" అన్నారావిడ, ఇంటిల్లిపాదీ వింటుండగా. నేనక్కడే ఉన్నాను. నా పేరు ఆవిడ నోటినుంచి రాలేదు. నా నోటినుంచీ రాలేదు.

తిరిగి వస్తూ సోంపేట దగ్గర సోడా తాగుదామని ఆపారు. సీసా పట్టుకోబోతే ఆవిడ చేయి నిలవలేదు, సగం చీర మీద ఒలికింది. భయమేసిందా అని నన్నడిగారు. తలూపాను. "మంచిది. నాకు ముప్పయ్యేళ్లబట్టీ ఏత్తంది" అన్నారు. దాని గురించి ఆవిడ నాతో మాట్లాడింది అంతే. బీము వేసి, అది గట్టిపడి, పోట్లు తీసేవరకూ రోజూ బస్సెక్కి ఆ ఇంటికి వెళ్లి చూసిరమ్మన్నారు, వెళ్లాను. గున్నమ్మ పరీక్షకి మళ్లీ ఎప్పుడూ వంక పెట్టలేదు. ముసలాయన ఆ గదిలో ఇంకో నాలుగేళ్లు బతికాడు. కనబడినప్పుడల్లా మేడం గారు బాగున్నారా అని అడిగేవాడు.

మూడేళ్ల క్రితం హైమావతి గారు పోయారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ తప్పు ఆవిడదిగానే ఉంది. పోయాక అది నాకు బరువైపోయింది. మనిషి లేకపోయినా, కవిటి వైపు ఆ ఇంట్లో వాళ్లు ఆవిడని తలుచుకున్నప్పుడు ఆ పగులు కూడా తలుచుకుంటారు కదా అనిపించేది. కిందటి నెల నీలవేణి గారు పైన అంతస్తు వేయాలని కబురు పెట్టారు. కొలతలు తీసుకోవడం అయ్యాక, ఆ రోజు కాగితం పంపింది నేనని, మేడం అసలు ఊళ్లోనే లేరని, ఇన్నాళ్లూ చెప్పే ధైర్యం లేకపోయిందని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె బియ్యం చేట పక్కన పెట్టారు.

"అప్పుడే సెప్పుంటే నిన్ను తన్నేవోలం. ఇప్పుడు సెప్తే ఏటి సేత్తాం? కూకో, అన్నం తిను" అన్నారు.

ఆ గదిలోనే పీట వేశారు. వేడి అన్నం, చేపల పులుసు. బీము గట్టిగానే ఉంది, నా కళ్ల ముందే వేశారు. తింటున్నంతసేపూ నేను పైకి చూస్తూనే ఉన్నాను.