డ్రమ్ము కడిగిన నీళ్లు

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నవి రెండే వాక్యాలు. మామిడిపూతకు తమ్ముడు మందు కొట్టించాడు. డ్రమ్ము కడిగిన నీళ్లతో ఆవుకు పిడుదులు తుడిచాడు.

బంగారుపాళ్యం దగ్గర మా తోట, తమ్ముడి తోట పక్కపక్కనే. మధ్యలో కంచె కూడా లేదు. వాడి ఆవు నిండు చూలుతో ఉంది. పొదుగు చుట్టూ పిడుదులు గుత్తులుగా పట్టి నెత్తురు తాగుతున్నాయి. దూడ పుడితే దానికీ ఎక్కుతాయని వాడి భయం. మా వైపు మందు కలిపిన డ్రమ్ము కడిగిన నీళ్లు ఎవరూ పారబోయరు. గోనెపట్టా ముంచి పశువును తుడుస్తారు. పలచబడిన మందు కదా అని ధైర్యం. నేను పశువైద్యశాలలో రికార్డులు రాసి రిటైరైనవాణ్ణి. అది తప్పని తెలుసు. గట్టు మీద నిలబడి చూశాను, ఇంటికి వచ్చి రాసుకున్నాను. అన్నకు ఇంకా ఆఫీసు బుద్ధి పోలేదంటాడని వాడితో ఏమీ అనలేదు.

మూడో రోజు బీపీ మాత్రల కోసం తిరుపతి బయల్దేరాను. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. ఆవు ఈనిందట, పెయ్యదూడ. సంతోషించాను. తొలిపాలు ముందు అన్న ఇంటికి పంపడం మా ఇళ్లలో ఆనవాయితీ. అయినా జున్ను సంగతి నాకు తట్టనేలేదు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కాన్పుకు వచ్చిన మా అమ్మాయి ఇంకా మా దగ్గరే ఉంది. పాపకు మూడో నెల. మంచం మీద కూర్చొని పాపకు పాలిస్తోంది. పక్కన యాలకుల వాసనతో ఖాళీ గిన్నె.

"నీకూ దాచినాను నాయనా, సిన్నాయన శానా పంపినాడు," అంది.

ఆవుకు మందునీళ్లు తుడిచిన సంగతి నేను నిలబడే చెప్పేశాను. మా ఆవిడ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఎప్పుడు సూసినారు?"

"మొన్న."

"సూసి?"

"రాసుకున్నాను."

"రాసుకున్నారంట! ఆ పుస్తకం లేచొచ్చి సెప్తాదా, తినొద్దండి అని?"

అమ్మాయి పాపను రొమ్ము నుంచి విడదీసింది. "ఎన్ని దినాలు ఆపల్ల నాయనా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఇలాంటి లెక్క నా దగ్గర ఉంటుందని ఆమె నమ్మకం. పశువులకు వాడే మందు సీసా మీద పాలు ఎన్ని రోజులు తాగకూడదో రాసి ఉంటుంది. తోట మందు మీద ఏముంటుందో చూడాలని తమ్ముడి ఇంటికి పరుగెత్తాను.

వాడు దూడను తుడుస్తున్నాడు. "అదేందన్నా, ఆ రొప్పు? జున్నులో బెల్లం తక్కువైందా?"

"మందు సీసా యాడ ఉండాది?"

విషయం చెబితే నవ్వాడు. "మనం తినే కాయకు కొట్టేదే గదన్నా. ఒట్టి కడుగునీళ్లకు ఇంత రచ్చా? మీకొద్దంటే నాలుగు దినాలు పోయినాక పాల సెంటర్లో పోస్తాలే. ఆడ మిషను వెన్న సూస్తాది గానీ మందు సూడదు." అంతలో వాడి చేయి దూడ వీపు మీద ఆగింది. "ఇది కూడా అవే పాలు తాగిండాది," అన్నాడు. మళ్లీ నవ్వలేదు.

సీసా మీద అక్షరాలు సన్నం. కళ్లద్దాలు తుడుచుకొని రెండుసార్లు చదివాను. కాయ కోయడానికి ఎన్ని రోజులు ఆగాలో ఉంది. పాల గురించి ఒక్క ముక్క లేదు.

తిరిగొచ్చేసరికి అమ్మాయి ఫోన్లో కాన్పు చేసిన డాక్టరమ్మతో మాట్లాడుతోంది. వెంట తెచ్చిన సీసా మీది మందు పేరు నేను చదివి వినిపించాను. తల్లిపాలల్లోకి ఎంత దిగిందో పరీక్ష చేయకుండా చెప్పలేమందావిడ. పాపను తీసుకురమ్మంది. అందాకా డబ్బాపాలు పట్టమంది. మత్తుగా పడుకుంటే మాత్రం ఆలస్యం చేయొద్దంది.

చిత్తూరు నుంచి కారు రావాలి. డబ్బాపాలు పాప ఉమ్మేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అమ్మాయి రవిక తడిసిపోయింది. ఆమె నా వైపు చూసింది. నేను కారు కోసం వీధి వైపు చూశాను. ఆమె గోడ వైపు తిరిగి పాపను ఒళ్లోకి తీసుకుంది.

పాప తాగి నిద్రపోయింది. అది కడుపు నిండిన నిద్రో, డాక్టరమ్మ చెప్పిన మత్తో మాకు తెలియలేదు. కారు వచ్చేలోపు మా ఆవిడ మూడుసార్లు దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నాలుగోసారి నేను పెట్టాను.