ఎండలో ఆరిన లీజు కాగితం

పోయిన వారం మా అబ్బాయి ఫ్యాక్టరీ కాగితాలన్నీ ఇంటికి మోసుకొచ్చి, హాల్లో దివాను మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ ఫోనుతో ఫోటో తీసి ఎక్కడికో పంపించాడు. ఎక్కడికిరా అని అడిగితే, ఇల్లు కాలినా వరద వచ్చినా చెక్కుచెదరని చోటికి అన్నాడు. ఆ చోటికి తాళంచెవి మాత్రం నా ఫోనుకు వచ్చే అంకెలట. ఆ అంకెలు వచ్చే సమయానికి నేను వంటింట్లో ఉండడం, కళ్లజోడు వెతుక్కొని చదివి చెప్పేసరికి వాటి గడువు కాస్తా తీరిపోవడం, కథ మళ్లీ మొదటికి రావడం, ఇలా ఆ పూటంతా గడిచింది. వాడు విసుక్కున్నాడు గానీ నాకు మాత్రం లోలోపల నవ్వే వచ్చింది. దివాను మీది కాగితాలను చూస్తుంటే రెంటచింతలలో మా అత్తగారి నులక మంచాలు కళ్లముందు మెదిలాయి.

నేను కాపురానికి వెళ్లేనాటికి మా మామగారికి ఊరి బయట నాపరాతి క్వారీ, మాచర్ల దారిలో రాళ్లు కోసే చిన్న ఫ్యాక్టరీ ఉండేవి. మన తరం వాళ్ల ఇళ్లలో కాళ్లకింద చల్లగా తగిలిన బండలు చాలావరకు అలాంటి క్వారీల నుంచి వచ్చినవే. క్వారీలో మామగారి మాటకు ఎదురులేదు గానీ కాగితాల దగ్గర రాజ్యమంతా అత్తగారిదే. లీజులు, ఇంటి దస్తావేజులు, కోర్టు కాగితాలు అన్నీ ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో ఉండేవి. పాత చీరల ముక్కల్లో చుట్టి, మధ్యమధ్య ఎండు వేపాకు, వస కొమ్ములు పెట్టి, పైన ఆవిడ పట్టుచీర కప్పి తాళం వేసేవారు. దొంగ వచ్చినా చీర పట్టుకొని పోతాడు గానీ కాగితాలు ముట్టడని ఆవిడ లెక్క.

రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండను తిట్టుకోని మనిషిని నేను చూసింది మా అత్తగారిని ఒక్కరినే. ఏటా రోహిణి కార్తె రాకముందే ఒక మంచి రోజు చూసుకొని, వాకిట్లో మంచాలు వాల్చి, పైన తెల్ల పంచెలు పరిచి, ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ ఎండబెట్టేవారు. పక్క మంచం మీద వడియాలు, ఈ మంచం మీద దస్తావేజులు. ఒక్కో కాగితం మీద ఒక్కో నాపరాతి పెంకు బరువుగా ఉండేది. సిరా వెలిసిపోతుందని మామగారు ఏటా సణిగేవారు, ఆవిడ ఏటా ఒకటే జవాబు చెప్పేవారు. "చెదలు తిన్నాక ఇంక నీ సిరా యాడుంటదయ్యా?" దాంతో ఆయన తువ్వాలు భుజాన వేసుకొని క్వారీకి వెళ్లిపోయేవారు.

అయితే ఆవిడ పద్ధతిలో ఒక చిక్కుంది. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే అప్పడాలను తిప్పినట్టు కాగితాలను రెండో వైపు తిరగెయ్యాలి. తిరగెయ్యాలంటే పెంకులన్నీ తీసి పక్కన పెట్టాలి. అందరం కలిసి తీస్తే పని చప్పున అయిపోతుందని ఆవిడ నమ్మకం. ఒక ఏడాది అలాగే నేనూ, మా ఆడపడుచూ, ఆవిడా మూడు వైపులా నిలబడి పెంకులన్నీ ఒక్కసారిగా తీశాం. ఎక్కడ పొంచి ఉందో గానీ, సరిగ్గా అప్పుడే వీధి మలుపు నుంచి సుడిగాలి లేచింది.

ఆ తరువాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకొని నవ్వుతాను, కానీ ఆనాడు మాత్రం నవ్వే తీరిక లేదు. మా వంశం ఆస్తిపాస్తులన్నీ వీధి మీద గిరగిరా తిరిగాయి. వీధి వీధంతా కేకలు పెడుతూ వెంటపడ్డారు. ఎదురింటి పిన్నిగారు చేటతో ఒకదాన్ని పట్టారు, ఒకటి కుడితి తొట్టిలో దొరికింది, ఇంకొకటి మాచర్ల బస్సు అద్దానికి అతుక్కుంటే డ్రైవరు బస్సాపి మరీ తెచ్చిచ్చాడు. అన్నీ లెక్క చూసుకుంటే ఒకటే తక్కువయింది, క్వారీ లీజు కాగితం.

తక్కువైతే కావడానికి అదే ఎందుకు కావాలి చెప్పండి. ఆ వారంలోనే లీజు పొడిగింపు కోసం అసలు కాగితం గనుల ఆఫీసులో చూపించాలి. చూపించకపోతే క్వారీ మూతపడినట్టే, దాని మీద బతికే ఇళ్లన్నీ వీధిన పడినట్టే. పైగా మా క్వారీకి ఆనుకొని ఉన్న క్వారీ యజమానితో లారీలు వెళ్లే బాట గురించి గురజాల కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. బాట మాదని చెప్పే పటం ఆ కాగితం వెనకే గీసి ఉంది. ఆ యజమాని మా అత్తగారికి వరసకు అన్న, నాకు పెదనాన్న. వ్యాజ్యం మొదలైనప్పటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు, పెళ్లి పిలుపులు కూడా మానుకున్నాం. కాగితం ఎగిరిపోయింది సరిగ్గా ఆయన మిరప కల్లం వైపేనని బస్సు దిగిన వాళ్లెవరో చెప్పారు.

అది పోతే లాభపడే మనిషి దగ్గరికి వెళ్లి అది కనిపించిందా అని ఎలా అడుగుతాం? మామగారు అరుగు మీద కూర్చొని నేల చూపులు చూస్తున్నారు. అత్తగారు అన్నం ముట్టలేదు. కొంతసేపటికి ఆవిడ కొంగు బిగించి, అన్న కాళ్లు పట్టుకొనైనా తెస్తానని లేచారు. వద్దని మామగారు అడ్డం పడ్డారు. వాళ్లిద్దరూ గుమ్మంలో అలా వాదులాడుకుంటుండగానే పెదనాన్న మా వాకిట్లోకి వచ్చారు. ఒంటి నిండా మిరప ధూళి, చేతిలో మా కాగితం.

నేను నోరు తెరుచుకొని నిలబడితే ఆయన కసిరారు. "ఏందమ్మాయ్ అట్టా చూస్తావ్, తీసుకో. కల్లమంతా తిరగేస్తే అడుగున దొరికింది. వెనకాల పటం కూడా చూశాలే. నీ మామతో నాకు తగాదా ఉంటే కోర్టులో తేల్చుకుంటా, గాలి సాయంతో గెలిస్తే నాకేం పరువుంటది?" అత్తగారు గబగబా లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చారు. ఆయన తాగుతారో తాగరో అని అందరం ఆ గ్లాసు వంకే చూశాం. తాగారు. ఉప్పు తక్కువైందని కూడా అన్నారు.

గనుల ఆఫీసులో ఆ కాగితం మడత విప్పగానే అధికారిగారికి తుమ్ములు మొదలయ్యాయి. తరువాత గుమస్తాకు, ఆపైన మా మామగారికీ. పటం చదివే ఓపిక ఎవరికీ లేక, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొనే ముద్ర వేసి పంపించారట. ఆ సంగతి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా మామగారు మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు. ఆ తరువాతి వాయిదాకు బావా బావమరుదులిద్దరూ ఒకే బస్సులో గురజాల వెళ్లి, బాట ఉమ్మడిదని రాజీ రాసుకొని వచ్చారు.

మరుసటి ఏడు ఎండాకాలం మా వాకిట్లో మంచాలు వాల్చేసరికి పెదనాన్న కోడలు ఒక మూట పట్టుకొచ్చింది. వాళ్ల ఇంట్లోనూ చెదలు పట్టాయట, తమ కాగితాలూ కాస్త ఎండబెట్టమని పెదనాన్న పంపారట. అత్తగారు ఇంకో మంచం వాల్చారు. ఇంతకాలం కోర్టుకెక్కి కొట్టుకున్న ఆ రెండు క్వారీల కాగితాలూ ఆ రోజంతా పక్కపక్కనే ఎండలో ఆరాయి. పెంకులు మాత్రం ఒక్కొక్కటిగానే తీశాం.

ఇప్పుడు ఆ పెద్దవాళ్లెవరూ లేరు. పెదనాన్న క్వారీ చేతులు మారింది. ప్రస్తుతం దాని యజమాని ఎవరో మా అబ్బాయికి పేరు తెలుసు గానీ ముఖం తెలియదు. మా కాగితాలు ఇప్పుడు నిజంగానే భద్రంగా ఉన్నాయి, అందుకు నాకు సంతోషమే. కానీ మా ఇంటి గుట్టంతా చేతికి చిక్కినా, దాన్ని దులిపి తెచ్చి మా గుమ్మంలో పెట్టి, మజ్జిగలో ఉప్పు తక్కువైందని కసిరే పగవాడు మా వీధిలో ఉండేవాడంటే పిల్లలు నమ్మరు, వాళ్లకు అలాంటి మనిషిని చూపించడానికి నాకిప్పుడు ఎవరూ లేరు.