రెండో కుర్చీలో గొంతు

మా పెద్దమ్మ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళకి "విమానాల కంపెనీలో" అని చెప్తాం. వాళ్ళు "ఎయిర్ హోస్టెస్సా?" అంటూ ఆవిడ అరిగిపోయిన చెప్పుల వంక చూస్తారు.

ఆవిడ పని కిటికీ లేని గదిలో కూర్చుని ఎత్తులు సరిచూడటం. విమానం దిగడానికి వచ్చేటప్పుడు ఏ మలుపు దగ్గర ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే చార్టులుంటాయి. అవే ఎత్తులు విమానంలోని కంప్యూటర్లోనూ ఉంటాయి. నాలుగు వారాలకోసారి రెండూ కొత్తవి వస్తాయి. రెండూ ఒకే మాట మీదున్నాయో లేదో పెద్దమ్మ చూడాలి. చార్టులో అంకె కింద గీత ఉంటే అంతకన్నా తగ్గకూడదని, పైన ఉంటే అంతకన్నా పెరగకూడదని అర్థం. వాటిలో ఒక్కటి కన్నుగప్పి పోయినా మబ్బుల్లో ఉన్న విమానానికి కొండ ఎదురుపడొచ్చు.

అది ఇద్దరు చెయ్యాల్సిన పని. ఒకరు చార్టు చూసి పైకి చదవాలి, రెండోవారు స్క్రీన్ చూసి జవాబు చెప్పాలి. చాలా ఏళ్ళు ఆ రెండో కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవారు. మెత్తటి గొంతు, మాటకు ముందు చిన్న దగ్గు. వాళ్ళిద్దరూ పొద్దస్తమానం అంకెలు తప్ప ఇంకేం మాట్లాడుకునేవారు కాదట. మొగుడూ పెళ్ళాల్లో ఎంతమంది ఒకరి మాట ఒకరు అంత శ్రద్ధగా వింటారో నాకు తెలియదు. పెదనాన్న పోయాక ఆవిడతో రోజూ మాట్లాడిన మనిషి ఆయనొక్కరే.

ఆయన రిటైరయ్యారు. ఇక ఒక్క మనిషి చాలని కంపెనీవాళ్ళు చేతులు దులుపుకున్నారు. తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మేమూ తక్కువ తినలేదులెండి, ఒంటికాయ శొంఠికొమ్మని ఆవిడకో పేరు తగిలించి ఊరుకున్నాం.

ఒకసారి ఇంటి తాళంచెవి ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్ళాను. తలుపు అవతల రెండు గొంతులు వినిపించాయి. "ఆరు వేలు, తగ్గకూడదు" అంటున్నది పెద్దమ్మే. చిన్నగా దగ్గి, మెత్తగా "సరే" అంటున్నది ఇంకెవరో. పని మధ్యలో ఎందుకులే అని కాసేపు బయటే నిలబడ్డాను. చివరికి తలుపు తోస్తే పెద్దమ్మ ఒక్కతే ఉంది. రెండో కుర్చీలో ఆవిడ శాలువా మడతపెట్టి ఉంది. దొంగతనం బయటపడ్డట్టు మొహం పెట్టి, ఇలా అయితేనే పని సాగుతోందని చెప్పింది. నాకు నవ్వాగలేదు.

కొన్ని నెలలకి ఒక పైలట్ దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. దిగే ముందు చార్టు తీసి చూసుకుంటే, ఒకచోట ఎనిమిది వేల అడుగులకి తగ్గకూడదని ఉంది. కంప్యూటరేమో ఏడు వేలంటోంది. కొండమీద కొత్తగా టవర్ కట్టారని ఆ ఎత్తు పెంచారు, కంప్యూటర్‌కి డేటా తయారుచేసినవాళ్ళు పాతదే ఉంచేశారు. పైలట్ చార్టునే నమ్మాడు, అందరూ క్షేమంగా దిగారు. కానీ ఆ డేటా పెద్దమ్మ చూసి పంపిందే.

ఆఫీసర్ మంచివాడే, గొంతు పెంచలేదు. ఇదెలా జరిగిందో సోమవారం వచ్చి చెప్పమన్నాడు. సరైన జవాబు లేకపోతే ఈ పని బయటివాళ్ళకి అప్పగించేస్తారని కూడా చెప్పాడు. ఆ గది పోతే పెద్దమ్మకి పొద్దున్న లేచి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

పిలిస్తే తప్ప రాని మనిషి, ఆదివారం తనంతట తానే మా ఇంటికి వచ్చింది. ఆ అంకె ఆవిడకి బాగా గుర్తుంది. "ఎనిమిది వేలు" అని తనే చదివింది. ఆయన గొంతుతో "సరే" అనుకుంది. ఇంక స్క్రీన్ వంక చూడలేదు.

"సార్ సరే అంటే సరేనే కదే," అంది. అన్నాక తన మాట తనకే వినిపించినట్టుంది, తల దించుకుంది.

ఆయనకి ఫోన్ చెయ్యమన్నాను. రిటైరయ్యాక ఒక్కసారీ చెయ్యలేదట. అంకెలు లేకుండా ఏం మాట్లాడతామని నన్నే అడిగింది. బలవంతం చేస్తే కలిపింది. ఆయనకి చెవుడు వచ్చింది, అందుకని గట్టిగా అరుస్తూ జరిగిందంతా చెప్పింది. ఆయన గొంతు అనుకరించిన సంగతి కూడా దాచలేదు. స్పీకర్లో ముందు ఆ దగ్గు వినిపించింది.

"నేను సరే అనేవాణ్ణామ్మా?"

"అనేవారు కదా సార్."

"లేదమ్మా, ఎప్పుడూ అనలేదు. నాకు స్క్రీన్ మీద కనిపించిన అంకె చదివేవాణ్ణి. మీరు ఎనిమిది అన్నా, అక్కడ ఏడుంటే ఏడనే అనేవాణ్ణి. సరే అనడానికైతే నేనెందుకు అక్కడ?"

ఎదురు చెప్పే మనిషి వెళ్ళిపోతే, పెద్దమ్మ ఆ గదిలో ఒంటరిగా కూర్చుని కొంచెం కొంచెంగా తలూపే మనిషిని తయారుచేసుకుంది. దగ్గు ఒక్కటే ఆయనది. ఆయన రిటైరైన రోజు ఏడవని మనిషి ఆ సాయంత్రం మా వంటింట్లో నిలబడి ఏడ్చింది.

సోమవారం ఆఫీసర్‌తో, ఈ పనికి ఇద్దరు కావాలని, తను ఒక్కతే ఇద్దరుగా ఉండబోయిందని చెప్పింది. అతను పైవాళ్ళని అడుగుతానన్నాడు. ఉద్యోగం ఉంది కానీ రెండో మనిషి ఇంకా రాలేదు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. రెండో కుర్చీలో శాలువా లేదు. పెద్దమ్మ చార్టు చూసి ఒక అంకె చదివింది. బల్ల పట్టుకుని లేచి, అటు వెళ్ళి రెండో కుర్చీలో కూర్చుని, స్క్రీన్ మీది అంకె తన గొంతుతోనే చదివింది. మళ్ళీ లేచి ఇటు వచ్చింది. ఆ మోకాళ్ళతో రోజంతా ఇలా తిరగడమేంటి, కూర్చున్నచోటే రెండూ చూడొచ్చు కదా అన్నాను.

"ఆ కుర్చీలో ఎవరూ లేరని నాకు తెలుస్తుండాలి కదే," అని, తర్వాతి అంకె చదివి మళ్ళీ లేచింది.